గోడకు ఏ రంగు?

నెల్లూరు నుంచి కావలి వెళ్ళే రైలుదారిలో బిట్రగుంట ఉన్నది. ఒకప్పుడు అక్కడ ఆవిరి ఇంజన్లకు పెద్ద షెడ్డు ఉండేది. రైళ్ళ దగ్గర రంగుల విషయంలో పేచీ లేదు. ఎర్రజెండా ఊపితే ఆగాలి, పచ్చజెండా ఊపితే పోవాలి. ఇంట్లో గోడకు రంగు ఎంచటమే కష్టం!

ఆ ఊళ్ళో ఒక ఇంట పిల్లలు చదువుకునే గదికి రంగు వేయిస్తున్నారనుకోండి. అక్క లేత నీలం కావాలంటుంది. తమ్ముడు లేత పసుపు కావాలంటాడు. "ఒకసారి వేస్తే మళ్ళీ నాలుగేళ్ళదాకా వేయించలేను. ఇద్దరూ కలిసి ఒకటే చెప్పండి," అంటాడు నాన్న. ఎవరి మాట నెగ్గాలి?

గోడకు సొంత వెలుగు లేదు. తన మీద పడిన వెలుతురులో కొంత మింగి, మిగిలినది మన కంటికి పంపుతుంది. ఆ మిగిలినదే మనకు కనిపించే రంగు. అందుచేత వెలుతురు మారితే రంగూ మారుతుంది. పసుపు కాంతినిచ్చే దీపంలో నీలపు కాంతి తక్కువ. పగలు హాయిగా ఉన్న లేత నీలం రాత్రి ఆ దీపం కింద మసకబారుతుంది. అక్క పగలు చూసి, తమ్ముడు రాత్రి చూసి పోట్లాడుకుంటే, ఇద్దరూ నిజం చెప్పినట్టే!

ఇంకొక చిత్రం వినండి. పారిస్‌లో గోబెలిన్స్ అనే ప్రసిద్ధమైన నేతశాల ఉన్నది. 1824లో షెవ్రెల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అక్కడ అద్దకాలకు అధికారి అయాడు. నల్లదారం సరిగా నల్లగా లేదని ఆయనకు ఫిర్యాదు వచ్చింది. పరీక్షించి చూస్తే అద్దకంలో లోపమేమీ లేదు! పక్కన నేసిన నీలం, ఊదా దారాల మూలాన నలుపు వెలిసినట్టు కనిపిస్తున్నది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో ఆయన 1839లో ఒక పెద్ద గ్రంథమే ప్రకటించాడు.

కనక రెండు రంగులనూ గోడమీద పక్కపక్కనే పూసి చూడకండి. రెండు పెద్ద అట్టలకు చెరొక రంగూ పూసి, బాగా ఆరనివ్వండి. తడిగా ఉన్నప్పటి రంగు ఆరాక ఉండదు. ఒక్కొక్క అట్టనే గోడకు ఆనించి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి దీపం కింద చూడండి. నాలుగు గోడలకూ వేశాక, ఒక గోడ రంగు మరొక గోడ మీద పడి, అట్టమీద కన్న చిక్కగా కనిపిస్తుంది. అందుకని కాస్త లేతదే ఎంచుకోవటం మంచిది.

నీలం వేస్తే గది చల్లబడుతుందా? చల్లదనం కంటికే గాని ఒంటికి కాదు!

ఒకే కిటికీ ఉండి, దీపం పెట్టుకుని చదివే గది అయితే తమ్ముడి పసుపు నయం. గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చి, పగలే చదువు సాగే గది అయితే అక్క నీలం బాగుంటుంది. తగవు తీర్చవలసింది అక్కా కాదు, తమ్ముడూ కాదు, ఆ గదే! మీ ఇంట్లో రంగులు వేసేటప్పుడు మీరూ రెండు అట్టలు పట్టుకుని గదిని అడిగి చూడండి.