పిడికెడు బియ్యము

పదిమంది కుష్ఠరోగుల కథ లూకా సువార్త పదునేడవ అధ్యాయమున కలదు. వారు దూరముగా నిలిచి క్రీస్తును వేడుకొనిరి. యాజకులకు తమ్మును చూపుకొనుడని ఆయన పంపగా, త్రోవలోనే అందరును శుద్ధులైరి. తిరిగివచ్చి ఆయన పాదములపై పడినవాడు మాత్రము ఒక్కడే. వాడును యూదులు దూరముంచిన సమరయుడు. తక్కిన తొమ్మండుగురు దుర్మార్గులని గ్రంథము చెప్పలేదు. వారు పొమ్మన్నచోటికే పోవుచుండిరి. వారికి కొరవడినది విధేయత కాదు, వెనుదిరిగి చూచు మనస్సు. మన నిత్యజీవితమునందలి కృతఘ్నత కూడ చాలవరకు ఇట్టిదే. అది ద్వేషమువలన గాక మరపువలన పుట్టుచున్నది.

ఈ మరపునకు మందేమి? ఉపదేశము కొంతవరకే పనిచేయును. చేతికి అలవాటైన పని మనస్సును మేల్కొలుపును. ఈశాన్య భారతమునందలి మిజో స్త్రీలు ఈ సత్యమును తమ వంటయింటిలోనే ఆచరించి చూపిరి.

నేటి మిజోరము నాడు లుషాయి కొండల సీమ. 1894లో అచ్చటికి వచ్చిన క్రైస్తవ మిషనరీలు మిజో భాషకు రోమను లిపిలో అక్షరములు కూర్చిరి. ప్రజలు కొండవాలులలో పోడు సేద్యము చేసి వరి పండించుకొనెడివారు. చేత డబ్బు అరుదు, బియ్యమే ధనము. 1910లో అచ్చటి క్రైస్తవ స్త్రీలు ఒక నియమము చేపట్టిరి. అన్నమునకు బియ్యము కొలిచినప్పుడెల్ల ఒక పిడికెడు తీసి వేరొక పాత్రలో వేయవలెను. ఆ బియ్యమును పోగుచేసి, అమ్మి, వచ్చిన సొమ్మును సంఘసేవకు వినియోగింపవలెను. దీనినే వారు 'బుహ్‌ఫాయ్ థమ్' అందురు.

మరుసటి యేడే పరీక్ష వచ్చినది. సుమారు నలుబది యెనిమిది యేండ్ల కొకసారి అచ్చటి వెదురడవులు పూచి కాయును. ఆ గింజలు తిని ఎలుకలు లెక్కకు మించి పెరిగి, పిమ్మట పంటలపై బడును. 1911-12లో అట్టి కరవు కొండలను పీడించినది. 1958-59లో మరల వచ్చినది. అయినను ఆ ఆచారము నశింపలేదు. 2010లో దానికి నూరేండ్లు నిండినవి. నేడు ఆ పిడికిళ్ల విలువ ఏటేట కోట్ల రూపాయలు.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. ఆ పిడికెడు తిన్న తరువాత మిగిలినది కాదు. పొయ్యిమీది కెక్కక మునుపే తీసినది. మిగిలినది ఇచ్చుట దయ కావచ్చును. ముందుగా తీసి యిచ్చుట, ఈ అన్నము నా ఒక్కని సంపాదన కాదని ఒప్పుకొనుట. ఒప్పుకోలే కృతజ్ఞతకు మూలము.

ఆకలిగొన్నవానికి కృతజ్ఞుడవై యుండుమని కడుపు నిండినవాడు బోధించినచో అది క్రౌర్యమే యగును. మిజో స్త్రీల కట్లు ఎవరును బోధింపవలసిన పని లేకపోయెను. తమ లేమిలోనే తాము ఇచ్చువారమని వారు తలయెత్తి నిలిచిరి. 1912లో ఆంగ్లికను సంఘమున ప్రథమ భారతీయ బిషప్పయి, డోర్నకల్ కేంద్రముగా పాటుపడిన అజరయ్యగారును పేద కూలీల సంఘములకు ఈ మాటయే చెప్పెను: ఇచ్చుటకు పేదరికము అడ్డు కాదు. నేటికిని తెలుగునాట కోతపండుగనాడు రైతుకూలీలు ధాన్యము, గుమ్మడికాయలు, కోళ్లు దేవాలయమునకు తెచ్చుచుందురు.

పాఠశాలలో కృతజ్ఞతను గూర్చి వ్యాసము వ్రాయించుట సులభము. మధ్యాహ్నము అన్నము వడ్డించు తల్లి పేరేమని అడిగినచో ఎందరు విద్యార్థులు చెప్పగలరు? ఎందరు ఉపాధ్యాయులు చెప్పగలరు? ఆ పేరు తెలిసికొని, ఆమెను ఆ పేరున పిలిచి, అన్నము బాగున్నదని ఒక మాట చెప్పుట కొక్క నిమిషము చాలును. త్రోవలో నుండి వెనుదిరిగిన ఆ పదవవాడు చేసినదియు అంతే.