మేలురకపు కారు, మెట్ట దారి, లీటరు లెక్క

కారు కొనదలచినవారు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒకటి కలదు: “లీటరుకు ఎంత ఇచ్చును?” చిన్న కారు కొనువారే గాక, నలువది యేబది లక్షలు వెచ్చించి మేలురకపు సెడాన్ కొనువారును ఈ ప్రశ్న అడుగక మానరు. అది కేవలము ఖర్చునకు వెరచి అడుగు ప్రశ్న కాదు. విన్న అంకెకును, బంకులో కట్టిన బిల్లుకును పొత్తు కుదరనిచో, ఎక్కడనో మోసము జరిగినదన్న శంక మనస్సును తొలుచును. ఆ శంక తరచుగా వచ్చి వాలునది డ్రైవరు తలపైన.

ఉదయగిరిలో ఒక కుటుంబమును ఊహింతము. ఇంటి పెద్దకు ఒక మంచి పెట్రోలు సెడాన్ కలదు. కొన్ననాడు లీటరుకు 16 కిలోమీటర్లని విన్నారు. చేతికి 10 మాత్రమే వచ్చుచున్నది. తక్కిన ఆరు ఏమైనట్లు? “వాడు పెట్రోలు తీసి అమ్ముకొనుచున్నాడేమో” అన్న మాట వంటయింటిలో పుట్టి వీథి అరుగునకు ప్రాకును. నెలజీతముపై బ్రదుకు మనిషి పరువు ఒక అంకెపై ఆధారపడి యున్నపుడు, ఆ అంకె ఎట్లు పుట్టినదో తెలిసికొనుట మన ధర్మము.

మన దేశమున కార్ల మైలేజిని ప్రయోగశాలలో కొలుతురు. పుణేలోని ఆటోమోటివ్ రీసెర్చి అసోసియేషన్ వంటి సంస్థలు ఈ పరీక్షలు జరుపుచున్నవి. చిరకాలముగా వాడుకలో నున్న పద్ధతిలో కారును తిరుగు ఉరుళ్లపై నిలిపి, ముందుగా నిర్ణయించిన వేగముల వరుస ప్రకారము నడుపుదురు. అది ముగియుటకు పట్టు కాలము 1180 సెకండ్లు, అనగా ఇరువది నిమిషములకు కొంచెము తక్కువ. అత్యధిక వేగము గంటకు 90 కిలోమీటర్లు. ఆ కొలతలో ఏసీ ఆడదు. గేదెలు అడ్డము రావు. ఎండ లేదు, ఎగుడు లేదు. అన్ని కార్లను ఒకే త్రాసులో తూచుటకై ఏర్పడిన పరీక్ష ఇది. రెండు కార్లలో ఏది పొదుపైనదో చెప్పుటకు ఈ అంకె పనికివచ్చును. మన దారిలో మన కారు ఎంత త్రాగునో చెప్పుట దాని పని కాదు. కనుక అది అబద్ధము కాదు. మనము అడిగిన ప్రశ్న వేరు, అది చెప్పిన జవాబు వేరు.

ఈ తేడా మన దేశమునకే పరిమితమైనది కాదు. ఐరోపావారు 2017 నుండి అరగంట సేపు సాగు కొత్త పరీక్షను ప్రవేశపెట్టిరి. అందు వేగము గంటకు 130 కిలోమీటర్లు దాటును. అమెరికాలో 2008 మోడలు కార్లనుండి ఏసీని, అధిక వేగమును, చలిని కూడ లెక్కలోనికి తెచ్చిరి. అంకె నిజమునకు చేరువ కావలెనన్నచో పరీక్ష దారిని పోలియుండవలెనని లోకమంతయు గ్రహించినది.

ఇక మన దారి సంగతి చూతము. నెల్లూరు నుండి బుచ్చిరెడ్డిపాళెము, సంగము మీదుగా ఆత్మకూరు సుమారు 60 కిలోమీటర్లు. సంగము వరకు పెన్న నీటితో పండు వరిపొలములు. ఆ పిమ్మట క్రమముగా మెట్ట. ఆత్మకూరు దాటి పడమరగా బద్వేలు వైపు సాగినచో వెలిగొండలు అడ్డముగా నిలుచును. వాయవ్యముగా పోయినచో కొండపై దుర్గము, దాని పాదమున ఉదయగిరి. ఈ దారిలో పెట్రోలును హరించునవి ముఖ్యముగా నాలుగు.

మొదటిది బరువు. మేలురకపు సెడాన్ మనుష్యులతో కూడి ఇంచుమించు 1800 కిలోలు తూగును. దానిని గంటకు 80 కిలోమీటర్ల వేగమునకు తెచ్చుటకు ఎంత పెట్రోలు కావలెను? ఒక లీటరు పెట్రోలులోని శక్తిలో నాలుగవ వంతు చక్రములకు చేరునని తలచినచో, లెక్క సుమారు 50 మిల్లీలీటర్లకు తేలును. అనగా ఇంచుమించు అర గ్లాసెడు టీ అంత. ఊరు రాగానే స్పీడు బ్రేకరు వద్ద బ్రేకు త్రొక్కినచో ఆ శక్తియంతయు వేడియై గాలిలో కలియును. మరల వేగమునకు మరల అంతే పెట్రోలు. ఇట్లు ఇరువది మారులు ఆగి సాగినచో ఒక లీటరు చెల్లిపోయినట్లే. దారి పొడుగునను గల ఊళ్లను, గొఱ్ఱెల మందలను లెక్కించినచో ఇరువది పెద్ద సంఖ్య కాదు. హైబ్రిడ్ కార్లు బ్రేకు వేళ కోల్పోవు శక్తిలో కొంత బ్యాటరీలో దాచుకొనును గనుకనే అవి ఊళ్లలో మెరుగైన లెక్క చూపును.

ఎక్కుడు సంగతియు ఇట్టిదే. 1800 కిలోల కారును నూరు మీటర్లు పైకి ఎక్కించుటకు, పై లెక్క ప్రకారమే, లీటరులో అయిదవ వంతుకు కొంచెము మించి పట్టును. దిగునపుడు యాక్సిలరేటరు వదలి గేరులోనే దింపినచో కొంత తిరిగి కలిసివచ్చును. బ్రేకుపైనే దింపినచో రాదు.

రెండవది గాలి. గాలి అడ్డగింపు వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. 80 నుండి 100కు వేగము నాలుగవ వంతే పెరిగినను, గాలి అడ్డగింపు ఒకటిన్నర రెట్లు దాటును. విశాలమైన జాతీయరహదారిపై మేలురకపు కారు చప్పుడు లేక సాగును గనుక లోపల కూర్చున్నవారికి ఆ వేగము తెలియదు. పెట్రోలు ట్యాంకునకు తెలియును.

మూడవది ఏసీ. నెల్లూరి సీమ వేసవి ఎట్టిదో చెప్పనక్కరలేదు. కారు కదలుచున్నపుడు ఏసీ కొంత తినును. కదలక నిలిచినపుడు ఏసీకై ఆడు ఇంజను చేయునది పూర్తిగా నష్టమే. ఉదయగిరి నుండి నెల్లూరు పోయివచ్చుట సుమారు 200 కిలోమీటర్లు. దారిలో 16 లీటర్లు ఖర్చయినచో లీటరుకు 12.5 వచ్చినట్లు. అయితే ఆసుపత్రి ముంగిట ఒక గంట, బట్టల దుకాణము ముంగిట ఒక గంట ఏసీ వేసుకొని కారులో కూర్చున్నారనుకొందము. పెద్ద ఇంజను గంటకు ఒకటిన్నర లీటరు త్రాగినచో మూడు లీటర్లు అదనము. 200ను 19చే భాగించిన వచ్చునది 10.5 మాత్రమే. చక్రము ఒక్క చుట్టు తిరుగకుండనే లీటరుకు రెండు కిలోమీటర్లు మాయమైనవి. ఆ రెండింటిని తీసికొనినది డ్రైవరు కాదు. చల్లగా కూర్చున్న మనమే.

నాలుగవది ఇంధనము. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. లీటరునకు లీటరు చూచినచో ఇథనాలులో పెట్రోలుకంటె శక్తి ఇంచుమించు మూడవ వంతు తక్కువ. ఈ మిశ్రమమునకై తయారు కాని పాత తరహా కార్లలో మైలేజి 6–7 శాతము తగ్గవచ్చుననియు, తగినట్లు సవరించిన కార్లలో ఆ తగ్గుదల 1–2 శాతమే యుండుననియు నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన నివేదిక అంచనా వేసినది. పదేండ్ల క్రిందటి సెడాన్ యజమానులు దీనిని గుర్తుంచుకొనవలెను. టైర్లలో గాలి తగ్గినను మైలేజి తగ్గును; ఆ గాలిని ప్రొద్దున్నే, టైర్లు చల్లగా నున్నపుడు చూపించుకొనవలెను.

ఇన్ని చిన్న నష్టములు కలిసి 16ను 10కి దింపుట వింత కాదు. అయినను అందరు డ్రైవర్లును నిర్దోషులని మేము చెప్పబోము. ఊహను వదలి కొలతను పట్టుకొనుడని మాత్రమే మా మనవి. అందుకు మార్గము సులభము.

ఒకే బంకులో, వీలైనచో ఒకే పంపు వద్ద ట్యాంకు నింపించుడు. గన్ మొదటిసారి తనంతట తాను ఆగినచోటనే చాలించుడు. అంకె నిండుటకై ఇంకొంచెము పోయించవలదు. ట్రిప్ మీటరు సున్నకు త్రిప్పుడు. మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట అక్కడనే, అట్లే నింపించి, తిరిగిన దూరమును పట్టిన లీటర్లచే భాగించుడు. కారు తెరపై కనబడు అంకె పలుమార్లు కొంత ఉదారముగా నుండును. బంకు రసీదే ప్రమాణము.

సరాసరి తీయునపుడు ఒక పొరపాటు సాధారణముగా జరుగును. ఆత్మకూరు నుండి నెల్లూరునకు 60 కిలోమీటర్లు లీటరుకు 15 చొప్పున పోయి, తిరుగుదారిలో 10 చొప్పున వచ్చితిరనుకొనుడు. సరాసరి పన్నెండున్నర అందురు. కాదు. పోవుటకు 4 లీటర్లు, వచ్చుటకు 6, మొత్తము 10. నూట ఇరువదిని పదిచే భాగించిన వచ్చునది పన్నెండే. దూరములన్నియు ఒకచోట, లీటర్లన్నియు ఒకచోట కూడి, పిమ్మట భాగించుటయే సరియైన పద్ధతి.

ఇట్లు మూడు ట్యాంకుల లెక్క ఒక నోటుపుస్తకములో వ్రాయుడు. ఒక ట్యాంకు యజమాని కారులో నుండగా, మరియొకటి డ్రైవరు ఒంటరిగా, అదే దారిలో నడుపగా తీసినదై యుండవలెను. రెండును ఇంచుమించు సరిపోయినచో ఆ మనిషిపై నింద ఆ పూటతో తీరవలెను; వీథి అరుగుపై పుట్టిన మాటను ఆ అరుగుపైననే వెనుకకు తీసికొనవలెను. సరిపోనిచో అప్పుడు అడుగుటకు మన చేతిలో ఆధారముండును.

ఇరువది రూపాయల నోటుపుస్తకము, నెల దినముల ఓపిక, ఇంతకంటె కావలసినది లేదు. అమ్మినవారి అంకె కారును ఎంచుకొనుటకు. మన పుస్తకములోని అంకె ఆ కారుతోను, దానిని నడుపువానితోను న్యాయముగా బ్రదుకుటకు.