రాగిరేకుల మీద సగం పాట

హిందూపురంలో పొద్దున ప్యాసింజరు ఎక్కితే, చేతిలో చెనిక్కాయల పొట్లం అయిపోయేలోపు పెనుకొండ కొండ కనిపించేది. ధర్మవరంలో మా చిన్నత్త ఇల్లు. ఎండాకాలం సెలవులకు అవ్వ నన్ను వెంటబెట్టుకుని అక్కడికి పోయేది. పెనుకొండ రాగానే కిటికీలోంచి కొండ చూపించి, "ఆడనే గదరా అన్నమయ్యను గొలుసులతో కట్టేసింది" అనేది. ప్రతి ప్రయాణంలోనూ అదే మాట. నేను బండి కదిలేదాకా కొండ మీద గొలుసుల కోసం వెతికేవాణ్ణి.

ఆ మాట మళ్ళీ గుర్తుకొచ్చింది చాలా ఏళ్ళ తర్వాత, అమెరికాలో, బాబ్ డిలన్ పాట వింటున్నప్పుడు.

1996లో చదువుకని వచ్చిన కొత్తలో నా గదిలో ఉండే అమెరికా కుర్రాడి దగ్గర డిలన్ సీడీలు వరసగా ఉండేవి. మొదట్లో ఆ గొంతు నాకు ఎక్కలేదు. బొంగురు గొంతు, ముక్కుతో పాడినట్టు ఉండేది. ఒక శీతాకాలం రాత్రి అతను 1991లో వచ్చిన 'బూట్‌లెగ్ సిరీస్' మొదటి సంపుటాలు పెట్టాడు. డిలన్ తొలినాళ్ళ నుంచి పాడి, ఆల్బముల్లోకి ఎక్కకుండా పక్కన పడిపోయిన పాటల మూట అది. అందులో 1962లో న్యూయార్క్ గ్యాస్‌లైట్ కెఫేలో పాడిన పాట ఒకటి ఉంది. 'నో మోర్ ఆక్షన్ బ్లాక్' అని, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి వాళ్ళ పాట. అప్పటికి డిలన్‌కు ఇరవై ఒక్క ఏళ్ళు. రెండు వాక్యాలు వినేసరికి లేచి కూర్చున్నాను. మాటలు వేరు, కానీ ఆ వరస నాకు తెలుసు. లోకమంతా పాడుకున్న 'బ్లోయిన్ ఇన్ ది విండ్' వరసకు అది తల్లి. ఆ పాటలోంచే తన పాట పుట్టిందని తర్వాత డిలన్ స్వయంగా ఒప్పుకున్నాడు.

1962లో వచ్చిన అతని మొదటి ఆల్బములో పదమూడు పాటలుంటే సొంతవి రెండే. మిగతావన్నీ పల్లెల్లోంచి, చర్చిల్లోంచి, చేలల్లోంచి వచ్చిన పాతవి, ఇతరులవి. ఊరి వరసను ముందు గొంతులోకి ఎక్కించుకుని, ఆ తర్వాత దాని మీద తన మాట కూర్చాడు. 1965లో ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని జానపదాన్ని రాక్‌లోకి మళ్ళించినా, 2016లో నోబెల్ వచ్చినా, పునాది ఆ తొలి రికార్డింగుల్లోనే ఉంది. అవి దొరికాయి గనుక ఏ వరస ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ రోజు ఎవరైనా విని తెలుసుకోగలరు.

మరి మన పదకవి అన్నమయ్య తొలి రికార్డింగులు ఏవి? ఆ రాత్రి పుట్టిన ప్రశ్న ఇది. అవ్వ చూపించిన కొండ కళ్ళ ముందు నిలబడింది.

మనవీ దొరికాయి. రాగిరేకుల మీద దొరికాయి. తాళ్ళపాక అన్నమాచార్యులు 1408 నుంచి 1503 దాకా జీవించారు. పదహారో ఏట, 1424లో మొదలుపెట్టి చివరిదాకా సంకీర్తనలు చెప్పారని ఆ రేకుల మీదే చెక్కి ఉంది. ఆయన పాటలు ముప్పైరెండు వేలని మనవడు చిన్నన్న రాశాడు. ఇప్పుడు దొరుకుతున్నవి పన్నెండు వేలకు పైచిలుకు. తాటాకును నమ్మకుండా రాగిని నమ్ముకున్నది కొడుకు పెద తిరుమలాచార్యులు. చెక్కించిన రేకుల్ని తిరుమల గుడిలోనే సంకీర్తన భాండారమనే చిన్న గదిలో భద్రపరిచారు.

ఆ రేకుల సంగతి పూర్తిగా మరుగున పడిందనీ 1922లోనే బయటపడిందనీ చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ అంతకు నూరేళ్ళ ముందే ఒకాయన వాటిని వెతికించాడు. ఎ.డి. క్యాంబెల్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణం పీఠికలో ఈ సంగతి రాశాడు. తిరుపతి గుడిలో వేల రాగిరేకుల మీద పద్యాలున్నాయని విని, అన్నిటినీ పరిశీలింపజేశాడు. ఒక వ్యాకరణ గ్రంథానికి మాత్రం నకలు తీయించుకున్నాడు. మిగిలినవన్నీ దేవుడి మీద స్తోత్రాలేనని తేలేసరికి వదిలేశాడు. వ్యాకరణం కోసం వెతికేవాడికి పాట పనికిరాలేదు. చేతికందిన పాటలు మళ్ళీ చీకట్లోకి పోయాయి. 1922లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వాటిని గుర్తించి వెలికి తెచ్చేదాకా అక్కడే ఉన్నాయి. ఆ తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు వాటి మీద పనిచేశారు.

ఇక పెనుకొండ. చిన్నన్న రాసిన ద్విపద 'అన్నమాచార్య చరిత్రము'లో ఆ కథ ఉంది. టంగుటూరు నుంచి ఎదిగి పెనుకొండలో కొలువుతీరిన సాళువ నరసింహరాయలు అన్నమయ్యను పిలిపించుకుని శృంగార సంకీర్తన విన్నాడు. పరవశించిపోయి, అలాంటిదే తన మీద ఒకటి చెప్పమన్నాడు. హరిని పొగిడిన నోటితో మనిషిని పొగడనని అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. రాజు సంకెళ్ళు వేయించాడు. పాట పాడితే అవి ఊడిపడ్డాయి. సంకెళ్ళు ఊడిన మహిమ మా అవ్వకు ముఖ్యం. నాకు మాత్రం అంతకు ముందు ఘట్టం ముఖ్యం. పెనుకొండలో ఒకరోజు ఒక మనిషి గొంతెత్తి పాడాడు, రాజు ఒళ్ళు మరిచాడు. మాట ఒక్కటే అంత పని చేసి ఉండదు, వరస కూడా చేసి ఉంటుంది. ఆ వరస మనకు లేదు.

రేకు మీద పాటకు ముందు రాగం పేరు చెక్కారు. కింద స్వరాలు లేవు. కొండమలహరి, తెలుగుకాంబోది అని పేర్లు కనిపిస్తాయి. ఇప్పటి కచేరీల్లో ఆ పేర్లు వినబడవు. ఇంటి గొంతుల్లో పాట సాగుతూనే ఉంటుందని తాళ్ళపాక వాళ్ళు నమ్మి ఉంటారు. రాగి నిలిచింది, గొంతులు ఆగిపోయాయి. సాహిత్యం మొత్తం ఉండి సంగీతం లేని రికార్డింగు అది. సగం పాట.

మిగతా సగాన్ని కట్టడానికి పూనుకున్నవాళ్ళలో మొదట చెప్పుకోవలసిన మనిషి మన అనంతపురం జిల్లా వాడు కావడం నాకు ఎప్పటికీ గర్వమే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ 1893లో రాళ్ళపల్లిలో పుట్టారు. మైసూరు మహారాజా కళాశాలలో దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు చెప్పారు. అక్కడే బిడారం కృష్ణప్ప దగ్గర సంగీతం నేర్చుకున్నారు. ప్రాకృతంలోని గాథాసప్తశతిని తెలుగు చేశారు. పొలం గట్ల మీద, వాగు ఒడ్డున నడిచే ప్రేమకథల పుస్తకం అది. 1928లో అనంతపురంలో వేమన మీద వరస ఉపన్యాసాలు ఇచ్చారు. ఊరి మాటలోని బిగువును, ఊరి పాటలోని తూగును ఎరిగిన పండితుడు ఆయన. మైసూరు కొలువు ముగిశాక తిరుపతి వచ్చి, అన్నమయ్య కీర్తనల సంపుటాలను పరిష్కరించారు. నూరుకు పైగా కీర్తనలకు వరసలు కట్టి స్వరపరిచారు. పాత వరస దొరికిందని చెప్పుకోలేదు, కొత్తది కడుతున్నానని తెలిసే కట్టారు. ఆ నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కుతాను.

1978లో తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వరసలు కట్టారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల ఐదు ఎల్.పి. రికార్డులుగా వచ్చింది. ఆ తర్వాత సంగతి మీకందరికీ తెలుసు. మన పిల్లలు ఇక్కడ అమెరికాలో వేదికల మీద పాడుతున్నది ఆ వరసలే.

అయితే అన్నమయ్య తన వరసలు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడు? రేకుల్లో సువ్వి పాటలున్నాయి, ఏలలున్నాయి, జాజరలున్నాయి, చందమామ పాటలు, గొబ్బి పాటలు, జోలలు, లాలిపాటలు ఉన్నాయి. ఆయన సంస్కృతంలో రాసిన సంకీర్తన లక్షణాన్ని మరో మనవడు చిన తిరుమలాచార్యులు తెలుగులో చెప్పాడు. ఏలలకూ చందమామ పదాలకూ ఆ శాస్త్రంలో చోటుంది. సువ్వి అంటే రోకటి పాట. రోకలి పట్టుకున్న ఆడవాళ్ళు అన్నమయ్య కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. అంతకు ముందే పాడుకుంటున్నారు. ఆయన ఆ వరసను అందుకుని మాట మార్చాడు. గ్యాస్‌లైట్ కెఫేలో పాడిన ఆ కుర్రవాడు చేసింది అదే పని.

2019లో మా నాయన పోయాక హిందూపురం ఇంట్లో ఇనప్పెట్టె తీశాం. అడుగున కేసెట్లు. ఒకదాని మీద బావ చేతిరాతతో 'పెళ్ళి, ధర్మవరం, 1987' అని ఉంది. టేపుకు బూజు పట్టింది. పెన్సిలు పెట్టి తిప్పి, నెమ్మదిగా తుడిచి, పాత టేప్‌రికార్డరు సంపాదించి కంప్యూటరులోకి ఎక్కించాను. మొదట సినిమా పాటలు, తర్వాత నాదస్వరం. మధ్యలో ఎవరో మీట నొక్కి వదిలేసినట్టున్నారు, నాలుగు నిమిషాల సువ్వి పాట.

అక్క పెళ్ళికి పసుపు దంచుతున్నారు. రోకలి దెబ్బ, గాజుల గలగల, పక్కింటి మగ్గం చప్పుడు, దూరంగా జంక్షన్లో గూడ్సు కూత. అవ్వ ఎత్తుకుంటోంది, ఆడవాళ్ళు అందుకుంటున్నారు. మాటల్లో అక్క పేరుంది, బావ పేరుంది, చిత్రావతి ఉంది. ఒకచోట అవ్వ ఆగిపోయి, "వరస తప్పింది, మళ్ళా ఎత్తుకోండి" అంటుంది. కాస్త కింది నుంచి మళ్ళీ మొదలుపెడతారు.

ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. మాట తప్పితే అవ్వ పట్టించుకోదు. ఏ ఇంటి పెళ్ళికి ఆ ఇంటి పేర్లు పెట్టి అప్పటికప్పుడు మార్చేస్తుంది. వరస తప్పితే మాత్రం ఒప్పుకోదు. రాగిరేకు మాటను కాపాడి వరసను పోగొట్టింది. మా అవ్వ మాటను పోనిచ్చి వరసను కాపాడింది. ఆమె సువ్వి అన్నమయ్య నాటిదని నేను అనను. అలా అనే అర్హత నాకు లేదు. కానీ అలాంటి గొంతులే ఆయనకు బడి. ఆ బడి మన అమ్మల దాకా మూతపడలేదు.

మనం చూస్తుండగానే మూతపడుతోంది. ఇప్పుడు పసుపు పొట్లంలో వస్తుంది, పెళ్ళిలో డీజే మోగుతుంది. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం 2022లో కొత్త శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. ఆ ఊళ్ళ నుంచి అమెరికాకు, మన తెలుగు సంఘం సంబరాలకు వచ్చిన పెద్దవాళ్ళు ఈ ప్రాంగణంలోనే ఉన్నారు. వాళ్ళలో సువ్వి ఎత్తుకోగలిగినవాళ్ళు ఎంతమందో మన సంఘం దగ్గర లెక్క లేదు.

అందుకే నాదొక విన్నపం. వచ్చే ఏడు సంబరాల్లో పెద్ద వేదికతో పాటు తలుపు వేసుకోవడానికి వీలున్న చిన్న గది ఒకటి ఇవ్వండి. ఒక కుర్చీ, ఒక ఫోను చాలు. శ్రుతిపెట్టె వద్దు, మైకు వద్దు. అవ్వలు, తాతలు వచ్చి కూర్చుంటే ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పనిలో పాడేవారు అని అడిగి, ఆ జవాబు కూడా పాటతో పాటే రికార్డు చేయండి. తప్పు పాడితే ఆపకండి. "ఇంకేం ఉందిలే, పాత పాట" అంటే నమ్మకండి, రెండోసారి అడగండి. సాహిత్యం రాసుకోవడం తర్వాత చూద్దాం, వరస ముందు.

గది వచ్చే ఏడు. మీ ఇంటికి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు ఆగస్టులోనో సెప్టెంబరులోనో తిరుగు విమానం ఎక్కుతారు. ఆలోపు ఒక్క పాట పాడించుకోండి.