చెరకుబండి నుండి చేతిఫోను వరకు

నిజామాబాదు పట్టణములో సాయంకాలము. సికింద్రాబాదు వైపునుండి రైలు వచ్చి ఆగినది. ప్రయాణికులు మూటలతో, పెట్టెలతో స్టేషను వెలుపలికి వచ్చుచున్నారు. అడ్డాలోని ఆటోలు ఒకదాని వెంట ఒకటి కదలిపోవుచున్నవి. అదే సమయమున పట్టణపు మరియొక వైపున, వినాయక్‌నగర్‌లోని ఒక సందులో, జ్వరముతోనున్న బిడ్డను భుజమున వేసికొని ఒక తల్లి ఆటో కొరకు ఎదురుచూచుచున్నది. రెండు వీధుల అవతల ఒక ఆటో డ్రైవరు గిరాకీ లేక చెట్టు క్రింద కూర్చుండియున్నాడు. ఆమెకు బండి కావలెను; అతనికి కిరాయి కావలెను. ఇద్దరి నడుమ దూరము రెండు వీధులే. అయినను ఒకరి సంగతి ఒకరికి తెలియదు. చివరకు తల్లి కాలినడకన బయలుదేరినది. డ్రైవరు ఖాళీ బండితో ఇల్లు చేరినాడు.

కిరాయి బండ్ల వ్యాపారమునకు గల పెద్ద నష్టము ఇదియే. ఇంధనపు ఖర్చు, టైర్ల అరుగుదల, మరమ్మతుల వ్యయము లెక్కకు వచ్చును. తెలియకపోవుట వలన కలుగు నష్టము ఏ లెక్కలోను కనబడదు. దానిని తగ్గింపగలవారే ఆ వ్యాపారములో ముందంజ వేయుదురు. నేడు చేతిఫోను ద్వారా బండ్లను పిలిపించు సంస్థల నడుమ జరుగుచున్న పోటీ అంతయు ఈ ఒక్క విషయము చుట్టును తిరుగుచున్నది.

ఈ చిక్కు కొత్తది కాదు. నిజామాబాదు జిల్లావారు దీనినే మరియొక రూపమున పూర్వమే చూచియున్నారు. మంజీరా నదిపై నిజాంసాగరు నిర్మాణము 1931లో పూర్తియైనది. కాలువ నీరు పారిన బోధన్ ప్రాంతమున చెరకు విస్తారముగా పండినది. 1937లో బోధన్ చెంత శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఒక కాలమున అది ఆసియా ఖండములోని పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగా పేరు పొందినది.

చెరకు వడ్లవంటిది కాదు. నరికిన వెనుక నిలువ ఉంచుటకు వీలులేదు. గంటలు గడచిన కొలది అందలి చక్కెర విరిగిపోయి తగ్గుచుండును. మిల్లు దినమునకు ఇంతయని మాత్రమే చెరకు ఆడగలదు. రైతులందరును ఒకే దినమున చెరకు నరికినచో మిల్లు ద్వారము ముందు బండ్లు బారులు తీరును, చెరకు ఎండిపోవును. ఎవరును నరకకున్నచో గానుగలు ఖాళీగా తిరుగును. ఈ రెండు నష్టములను తప్పించుటకు చక్కెర మిల్లులు కోతకు అనుమతి పత్రములిచ్చు పద్ధతిని అవలంబించును. ఏ గ్రామములో ఎవరు ఎన్ని ఎకరములు వేసినారు, ఎప్పుడు నాటినారు, ఏ రకము ముందుగా పక్వమునకు వచ్చును, మిల్లుకు ఎంత దూరము అను వివరములన్నియు వ్రాసికొని, ఆ లెక్కను బట్టి ఎవరి తోట ఎప్పుడు కోయవలెనో నిర్ణయింతురు.

ఆ లెక్కల పుస్తకమే మిల్లుకు కన్నువంటిది. అది ఎవరి చేతిలో నున్నదో వారి చేతిలోనే అధికారమును ఉండును. చెరకు సరఫరా, కొనుగోళ్లను క్రమబద్ధము చేయుటకు ఆంధ్రప్రదేశ్‌లో 1961లో వచ్చిన చట్టము ఒక్కొక్క మిల్లునకు కొంత ప్రాంతమును కేటాయించుటకు వీలు కల్పించినది. అందువలన మిల్లునకు చెరకు వచ్చునను భరోసా కలిగినది. కాని రైతు తన తోట పండి సిద్ధముగా నున్నను, పత్రము వచ్చువరకు వేచియుండవలసినదే. సమాచారము మేలును చేయును. దానిని ఒక్కరే కలిగియున్నచో ఇతరులను తమపై ఆధారపడునట్లును చేయును. ఈ రెండు గుణములను గుర్తుంచుకొనినచో నేటి ఫోను పోటీ సులభముగా బోధపడును.

మనుష్యుల ప్రయాణములకును ఇట్టి ఏర్పాట్లు చాలకాలమునుండి ఉన్నవి. 1932లో నిజాము రాష్ట్రమున ప్రభుత్వ బస్సుల రవాణా 27 బస్సులతో ప్రారంభమైనది. బస్సు ఎప్పుడు వచ్చునో, ఏ దారిన పోవునో ముందే ప్రకటింతురు. ప్రయాణికుడే బస్సు దగ్గరకు వచ్చును. ఆటో అడ్డాలోని ఏర్పాటు వేరు. ముందు వచ్చిన బండికి ముందు గిరాకీ అను వరుసను డ్రైవర్లే పాటింతురు. బస్సునకు కాలపట్టిక, అడ్డాకు వరుస. కాని సందులో నిలిచిన తల్లికి ఈ రెండింటిలో ఏదియు ఉపయోగపడదు. ఆమె ఉన్న చోటు అడ్డాకు తెలియవలెను. ఆ పనిని చేతిఫోను చేసినది.

ఇది మూడు సాధనములు కలసి చేసిన పని. మొదటిది ఉపగ్రహముల సంకేతములను బట్టి స్థానమును తెలిసికొను జీపీఎస్ పద్ధతి. అమెరికా దేశము నెలకొల్పిన ఈ పద్ధతి 1995లో సంపూర్ణముగా పనిలోనికి వచ్చినది. కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములు అందినచో ఫోను తానున్న చోటును కొన్ని మీటర్ల తేడాతో లెక్కకట్టగలదు. రెండవది వీధులు, మలుపులు, వంతెనలు గుర్తించిన పటము. మూడవది సంస్థవారి కంప్యూటరు. అది వేలకొలది ఫోనులనుండి వచ్చు వార్తలను ఏకకాలమున స్వీకరించి, ఏ బండిని ఎవరి వద్దకు పంపవలెనో క్షణములలో నిర్ణయించును.

ఈ నిర్ణయము చూచుటకు తోచునంత తేలిక కాదు. రైలుకట్టకు ఈవల ప్రయాణికుడు, ఆవల ఆటో ఉన్నచో దూరము వంద గజములే కావచ్చును; కాని బండి వంతెన చుట్టి రావలెను. కావున యంత్రము దూరమును గాక పట్టు సమయమును లెక్కించును. మరియొక చిక్కును గమనింపవలెను. ఇద్దరు ప్రయాణికులు, రెండు ఆటోలు ఉన్నట్లు తలచవచ్చును. మొదటి ఆటో మొదటివానిని 2 నిమిషములలో, రెండవవానిని 3 నిమిషములలో చేరగలదు. రెండవ ఆటోకు మొదటివాని వద్దకు 4 నిమిషములు, రెండవవాని వద్దకు 11 నిమిషములు పట్టును. మొదటివానికి దగ్గరి బండిని ఇచ్చినచో మొత్తము నిరీక్షణ 13 నిమిషములగును. అట్లుగాక మొదటి ఆటోను రెండవవానికి, రెండవ ఆటోను మొదటివానికి పంపినచో 7 నిమిషములే యగును. ఒక్కొక్కని మేలు చూచుటకంటె అందరి మేలును కలిపి చూచుట లాభకరము. పూర్వము మిల్లు గుమాస్తా పుస్తకము చూచి చేసిన పనియే ఇది. భేదమొక్కటే: అతనికి దినములు పట్టినది, యంత్రమునకు క్షణములు చాలును.

ఈ సాధనములు చేతికి రాగానే సంస్థలు పుట్టినవి. ఊబర్ 2009లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థాపితమైనది; 2013లో భారతదేశమునకు వచ్చినది. భారతదేశములో ఓలా 2010లో ప్రారంభమైనది. 2015లో బెంగుళూరులో ఆరంభమైన రాపిడో, కార్లతో తలపడక, మోటారు సైకిళ్లపై ప్రయాణికులను చేరవేయు మార్గమును ఎన్నుకొనినది. ఈ వ్యాపారము ప్రధానముగా సొంత బండ్లపై ఆధారపడినది కాదు. బండి డ్రైవరుది లేక మరియొక యజమానిది, సంస్థది సమాచారము.

అందుచేత వీని పోటీ పద్ధతియు వింతగా నుండును. బండ్లు ఎక్కువగా నున్న సంస్థ ప్రయాణికుని త్వరగా చేరును. త్వరగా చేరును గనుక ప్రయాణికులు దానినే పిలుతురు. ప్రయాణికులు ఎక్కువగా నున్నారు గనుక డ్రైవర్లు దానిలోనే చేరుదురు. ఈ చక్రము ఒకసారి తిరుగ నారంభించినచో తనంత తానే వేగము పుంజుకొనును. దానిని ముందుగా త్రిప్పుటకై సంస్థలు ప్రయాణికులకు రాయితీలు, డ్రైవర్లకు బహుమానములు ఇచ్చి కోట్లకొలది ధనమును వెచ్చించినవి. ఆ భారమును మోయలేనివి అమ్ముడుపోయినవి. 2015లో ఓలా సంస్థ టాక్సీ ఫర్ ష్యూర్ అను పోటీదారును కొనివేసినది. ఊబర్ వంటి పెద్ద సంస్థయే 2016లో చైనాలోని తన వ్యాపారమును దీదీ సంస్థకు అప్పగించినది.

రెండవ ఉపాయము ధర. వాన కురిసినప్పుడు బండి కావలసినవారు పెరుగుదురు, బండ్లు తగ్గును. అప్పుడు యంత్రము కిరాయిని పెంచును. పెరిగిన కిరాయిని చూచి కొందరు డ్రైవర్లు ఇంటినుండి బయలుదేరుదురు. తొందర లేని ప్రయాణికులు ఆగుదురు. లెక్క ప్రకారము ఇది సమంజసమే. కాని బిడ్డకు జ్వరము వచ్చిన తల్లికిని, సినిమాకు పోవువానికిని అవసరము ఒక్కటి కాదు. ధరను చూచు యంత్రమునకు ఆ భేదము తెలియదు. అందుచే ప్రభుత్వము హద్దులు ఏర్పరచవలసివచ్చినది. కేంద్ర ప్రభుత్వము 2020లో ఇచ్చిన మార్గదర్శకములు అట్టి పెంపును మూల కిరాయికి ఒకటిన్నర రెట్లకు పరిమితము చేసినవి. 2025లో ఆ హద్దును రెండు రెట్లుగా సవరించినవి.

అయితే ఈ కోటకు ఒక బలహీనత కలదు. డ్రైవరు ఒకే ఫోనులో రెండు, మూడు సంస్థల యాప్‌లను ఉంచుకొనగలడు. ప్రయాణికుడును అట్లే. మాట మార్చుటకు నిమిషము చాలును. ఒక సంస్థ నూరు రూపాయల కిరాయిలో ఇరువది రూపాయలు కమీషనుగా తీసికొనుచున్నదని, మరియొకటి ఎన్ని కిరాయిలు నడపినను దినమునకు ఒక చిన్న నిర్ణీత రుసుము మాత్రమే తీసికొనునని తలచినచో డ్రైవరు ఎటు పోవునో చెప్పనక్కరలేదు. 2022లో బెంగుళూరులో ప్రారంభమైన నమ్మ యాత్రి ఈ మార్గమునే పట్టినది. అది కమీషను తీసికొనదు. దాని యాప్ నిర్మాణమును ఎవరైనను చూచుకొనవచ్చును. 2024లో అదే తీరున హైదరాబాదులో మన యాత్రి వచ్చినది. రాపిడో ఆటోలకు రుసుము పద్ధతిని తెచ్చినది. 2025 ఫిబ్రవరిలో ఊబర్ సైతము భారతదేశములో ఆటోలపై కమీషనును విడిచి రుసుము పద్ధతికి మారినది. పెద్ద సంస్థలను వంచినది డ్రైవరునకు గల మరియొక దారియే.

మహానగరములో చెల్లిన ఉపాయమంతయు చిన్న పట్టణములో చెల్లదు. నిజామాబాదునుండి బోధన్‌కు పోవు దారిలో జానకంపేట, ఎడపల్లి వంటి గ్రామములు కలవు. ప్రయాణికుని బోధన్‌లో దింపిన ఆటోకు తిరుగు కిరాయి దొరకునో లేదో నమ్మకము లేదు. దొరకనిచో రాకకును ఇంధనము పోయవలెను. అందువలననే అట్టి దారులలో డ్రైవర్లు నలుగురైదుగురిని కలిపి ఎక్కించుకొందురు. సంత ఏనాడో, ఏ బస్సు ఆలస్యముగా వచ్చునో వారికి కంఠస్థము. ఈ జ్ఞానము ఏ యంత్రములోను ఇంకను పూర్తిగా ఎక్కలేదు. గిరాకీ పలుచగా నున్నచోట చక్రము మెల్లగా తిరుగును. అచ్చట గెలువగోరు సంస్థ నగరపు లెక్కను తెచ్చి అతికించక, స్థానికుల అనుభవమును నేర్చుకొనవలెను.

యంత్రము వలన డ్రైవరునకు మేలు లేకపోలేదు. ఖాళీగా తిరుగుట తగ్గును. ఎరుగని వీధులలోను దారి తెలియును. ప్రయాణికుడు కిరాయిని ముందే తెలిసికొనును. బండి సంఖ్య, డ్రైవరు పేరు ఫోనులో కనబడుట రాత్రివేళ ప్రయాణించు స్త్రీలకు కొంత ధైర్యము. అయినను డ్రైవరునకు తన కిరాయి ఎట్లు నిర్ణయింపబడినదో, తనకు ఈ గిరాకీ ఎందుకు వచ్చినదో, ఆ గిరాకీ ఎందుకు రాలేదో తెలియదు. ప్రయాణికులు ఇచ్చిన మార్కులు తగ్గినచో పనియే తగ్గవచ్చును. కోత పత్రమునకై ఎదురుచూచిన రైతువలె అతడు ఫోను మ్రోతకై ఎదురుచూచును. లెక్కల పుస్తకము మరల ఇతరుల చేతిలోనే ఉన్నది.

2015 డిసెంబరులో బోధన్ చక్కెర కర్మాగారము మూతపడినది. ఏండ్ల తరబడి ఒకే ద్వారమును నమ్ముకొనిన రైతులు చెరకును దూరపు మిల్లులకు తరలింపవలసివచ్చినది. పలువురు చెరకు మాని వరి వేసిరి. మరియొక ద్వారము దగ్గరలో లేకపోవుటయే వారి కష్టము. ఫోనుల పోటీలోను మేలు కీడులను నిర్ణయించునది ఇదియే. ఒక్క సంస్థయే నిలిచి తక్కినవన్నియు మాయమైనచో నేటి రాయితీ రేపటి భారమగును. రెండవ ద్వారము తెరచియున్నంత కాలము మొదటి ద్వారమువారు న్యాయముగా నడచుకొందురు.

ఈనాడు వినాయక్‌నగర్‌ సందులోని తల్లి చేతిలో ఫోను ఉన్నచో, రెండు వీధుల అవతలి డ్రైవరునకు ఆమె పిలుపు అందగలదు. బిడ్డ వేళకు ఆసుపత్రి చేరును. డ్రైవరు ఇంట ఆ పూట పొయ్యి వెలుగును. ఆ ఇద్దరిని కలుపుట యంత్రము చేయు మేలు. కలిపినందుకు ఎవరికి ఎంత చెందవలెనో నిర్ణయించు పని మాత్రము నేటికిని మనుష్యులదే.