సముద్రం దాటి గాలె దాకా

విదేశయానం అంటే మా బోటి గుమాస్తాలకు పత్రికలలో చదువుకునే మాట. అయితే తరాలుగా మదురైలో కాపురమున్న మనవారికి లంక విదేశమా కాదా అన్నది తేల్చటం కష్టమే. విమానంలో ఇచ్చిన ఫలహారం ముగించేలోగా కొలంబో వచ్చేస్తుంది. మా తాతగారి రోజులలో ధనుష్కోటి దాకా రైలు, అక్కడ స్టీమరు, తలైమన్నారులో మళ్ళీ రైలు. ఆ ధనుష్కోటి 1964 డిసెంబరు తుపానులో కొట్టుకుపోయింది. రెండేళ్ళ బోనసు ముట్టకుండా దాచి, క్రిందటేడు మేమూ, మా ఇంటావిడా, పన్నెండేళ్ళ అబ్బాయీ బయలుదేరాము.

కొలంబో మ్యూజియంలో ఒక రాయి ఉన్నది. చీనా నౌకాధిపతి జెంగ్ హె గాలె రేవులో వేయించిన శాసనమట; 1911లో అక్కడే బయటపడింది. చీనా, తమిళం, పారసీకం – మూడు భాషలు. చీనా భాగంలో కానుకలు బుద్ధుడికి, తమిళంలో విష్ణువుకు, పారసీకంలో అల్లాకు. కానుకలు మాత్రం ముగ్గురికీ సరిసమానమేనట! ఒకే ఉత్తరానికి మూడు నకళ్ళు తీసి, ఎవరి చిరునామా వారికి వేసిన ఆ గుమాస్తా ఎవడో గాని, గట్టివాడు.

మరునాడు గాలెకు రైలెక్కాము. కొలంబో దాటుతూనే కుడిచేతి వైపు సముద్రం పట్టాల పక్కనే వస్తుంది. కొన్నిచోట్ల అలల తుంపర కిటికీలోకి పడుతుందేమో అనిపిస్తుంది. ‘వడ, వడ’ అని కేక వినబడితే మా ఇంటావిడ సంతోషించి చెయ్యి చాపింది. చూస్తే ప్రతి వడ నడినెత్తినా ఒక రొయ్య! ఆ రోజు శనివారం. చాచిన చెయ్యి వెనక్కు వచ్చింది.

పెరలియ దగ్గర మాత్రం ఎవరికీ మాట రాలేదు. 2004 డిసెంబరు 26న ఈ దారినే పోతున్న రైలు అక్కడ ఆగిపోయింది. మొదటి అల వచ్చాక, పెట్టెలు ఎత్తుగా ఉన్నాయి గదా అని ఊరివాళ్ళు కూడా వాటిలోకి ఎక్కారు. తరువాతి అల రైలునే ఎత్తి పడవేసింది. పదిహేను వందలకు పైగా ప్రాణాలు పోయాయి. ఇప్పుడు ఆ చోట ఎత్తయిన బుద్ధ విగ్రహం నిలిపారు. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ చేతులు జోడించింది. మేమూ జోడించాము.

గాలె కోట ఇప్పటి గోడలు చాలావరకు డచ్చివారు కట్టించినవి. ఆనాటి ఉప్పెనలో బయట బస్సుస్టాండు కొట్టుకుపోయినా, లోపలి పాత ఊరిని ఈ గోడలే చాలావరకు కాచాయి. గోడ మీద నడుస్తుంటే ఒకడు బుట్టలో నాగుపామును పెట్టుకుని బూర ఊదుతున్నాడు. అబ్బాయి ముందుకు వంగాడు. “దగ్గరికి పోవద్దురా!” అని వాళ్ళమ్మ అరిచింది.

బూర ఆగింది. “మీరు తెలుగా? మాదీ తెలుగే” అన్నాడు.

అక్కడ వీరిని అహికుంటకులంటారు. ఊరూరా తిరిగి పాములను, కోతులను ఆడించటం వారి కులవృత్తి. ఎన్ని తరాల క్రిందట సముద్రం దాటారో అతనికి తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో సింహళం. మన మదురై నాయకుల బంధువులు 1739 నుండి 1815 వరకు క్యాండీలో రాజ్యమే ఏలారు. ఆ వంశం పోయింది. తెలుగు మాత్రం ఈ బుట్టలవాళ్ళ ఇళ్ళలో మిగిలింది. మాటలో సింహళపు యాస ఉన్నా, ‘నీళ్ళు’ నీళ్ళే, ‘అమ్మ’ అమ్మే.

“మా పిల్లలు సింహళమే మాట్లాడతారు బాబూ, తెలుగులో అడిగితే నవ్వుతారు” అన్నాడు. మావాడు తమిళంలో మమ్మల్ని ఏదో అడిగాడు. అతను వాడి వంక చూసి ఊరుకున్నాడు.

తెలుగుకు రాత ఉన్నదని విన్నాడట గాని ఎన్నడూ చూడలేదట. తన పేరు రాసి ఇమ్మన్నాడు. జేబులోని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాము. అటూ ఇటూ తిప్పి చూసి, కూతురి పేరు కూడా రాయించుకున్నాడు. తరువాత చీటీని మా అబ్బాయి ముందు పెట్టి, “ఏం నాయనా, మీ అయ్య సరిగా రాసినాడా?” అని అడిగాడు.

వాడు చీటీ వైపు, వాళ్ళమ్మ ముఖం వైపు చూశాడు. కాసేపటికి తల ఊపాడు.

అతను చీటీని మడిచి తలపాగాలో దోపుకున్నాడు. రైలు వేళయింది, మేము స్టేషను దారి పట్టాము.