ఇంజన్ ముక్కు మీద కన్ను

సొరంగం దాటగానే పట్టాలకు అడ్డంగా కొండచిలువ. బ్రేకు వేసేలోపే ఇంజన్ దాని మీదికెక్కింది. తెర మీద కొండ పక్కకు ఒరిగింది, ఆకాశం నిలువుగా లేచి అక్కడే ఆగిపోయింది. నేను కుర్చీలోంచి లేచి, రెండడుగులు నడిచి, ఆ కొండచిలువను గోటితో పట్టి తీశాను. కొబ్బరి పీచు. చిటికెన వేలంత పొడవు కూడా లేదు.

ఇది మా మేడ మీద గదిలో ప్లైవుడ్ బల్ల చుట్టూ తిరిగే రైలు. బొమ్మ రైలు అంటే ఈ పిచ్చి ఉన్నవాళ్లు నొచ్చుకుంటారు, మోడల్ అనాలి. అన్నీ అసలులో 87వ వంతు. దీన్ని హెచ్‌ఓ స్కేల్ అంటారు. గుత్తి, కాజీపేట షెడ్లలో ఒకప్పుడు బారులు తీరిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ నిజంగా 17 మీటర్ల పైచిలుకు, నా దగ్గరున్నది 20 సెంటీమీటర్లకు రవ్వంత తక్కువ. దాని ముక్కులో ఇప్పుడు బఠానీ గింజంత కటకం ఉంది. అది చూసేదంతా గాలిలో టీవీకి చేరుతుంది.

కెమెరా పెట్టకముందు పదేళ్లూ ఈ బల్ల మీది ఊరిని పైనుంచే చూశాను. దేవుడి చూపు అది. ఆ ఎత్తు నుంచి చూస్తే తప్పులు కనబడవు. ఉదాహరణకి, హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది యూరప్ గేజి లెక్క. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు కాబట్టి, 87తో భాగిస్తే 19 దాటాలి. అంటే మన ఇంజన్ని ఇన్నాళ్లూ ఇరుకు పట్టాల మీద నడిపిస్తున్నాను. పైనుంచి ఎవరికీ పట్టని ఈ అబద్ధం, డ్రైవరు కంటి ఎత్తు నుంచి మొదటిసారి చూసినప్పుడు నాకే దొరికిపోయింది.

ఇంజన్ ముందు కెమెరా పెట్టాలన్న కోరిక సినిమా అంత పాతది. 1897లోనే అమెరికాలో హేవర్‌స్ట్రా సొరంగం గుండా వెళ్లే రైలు ముందు భాగాన కెమెరా కట్టి తీశారు. ఇంజన్ కనబడదు, తీసేవాడు కనబడడు, చూపొక్కటే ముందుకు దూసుకుపోతుంది. అందుకే అలాంటి చిత్రాలకు 'ఫాంటమ్ రైడ్' అని పేరు పడింది. మన మాటల్లో దెయ్యం సవారీ. నార్వే ప్రభుత్వ టీవీ 2009లో బెర్గెన్ నుంచి ఓస్లో దాకా రైలు ప్రయాణాన్ని ఏడు గంటలకు పైగా ఏకధాటిగా చూపిస్తే జనం కదలకుండా కూర్చుని చూశారు. అరకు రైల్లో సొరంగాలు లెక్కపెడుతూ కిటికీ వదలనివాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు.

ఆ కన్ను బొమ్మలోకి దిగడానికి చాలాకాలం పట్టింది. అమెరికా కంపెనీ లయొనెల్ 1988లో 'రైల్‌స్కోప్' పేరుతో మోడల్ ఇంజన్లో నలుపు తెలుపు కెమెరా పెట్టి అమ్మింది. వైర్‌లెస్ కాదు, చిత్రం పట్టాల గుండానే టీవీకి వెళ్లేది. కెమెరాకి తొమ్మిది వోల్టుల బ్యాటరీ, అది చూస్తుండగానే అయిపోయేది. చిత్రం వాన కురుస్తున్నట్టు ఉండేది. అయినా ఆ ఆలోచనకు దండం పెట్టాలి. ఆ తర్వాత 2016లో జర్మనీలోని హాంబర్గ్‌లో, ప్రపంచంలోనే అతి పెద్ద మోడల్ రైల్వేగా పేరున్న మినియేచర్ వండర్‌లాండ్ వీధుల్లో, పట్టాల మీద గూగుల్ చిట్టి కెమెరాలు తిప్పి స్ట్రీట్ వ్యూ తయారుచేసింది. ఆ బుల్లి ఊళ్లో ఇప్పుడు ఫోనులోనే నడిచి తిరగొచ్చు.

నాకు దారి చూపింది మాత్రం డ్రోన్ల వాళ్లు. కెమెరా, ట్రాన్స్‌మిటర్ ఒకే ముక్కగా, కొద్ది గ్రాముల బరువుతో వాళ్ల కోసం తయారవుతున్నాయి. 5.8 గిగాహెర్ట్జ్ మీద చిత్రాన్ని ఆలస్యం లేకుండా పంపుతాయి. ఇంతకన్నా చవగ్గా వైఫై కెమెరా బోర్డులూ ఉన్నాయి, ఫోనులోనే చూసుకోవచ్చు. కాకపోతే అర సెకను వెనకబడతాయి. అర సెకనే కదా అనిపిస్తుంది. కానీ గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని 87తో భాగిస్తే నా ఇంజన్ సెకనుకు 32 సెంటీమీటర్లు పోతుంది. అర సెకనులో దాదాపు తన పొడవంతా పోయినట్టే. తెర మీద ఎర్ర సిగ్నల్ పడేసరికి నిజంగా దాన్ని దాటేసి ఉంటాం. చూస్తూ నడపాలంటే డ్రోన్ కెమెరాయే మేలు.

ఇక బిగించడం. ముక్కులో మోటారు, పళ్ల చక్రాలు పోగా అగ్గిపుల్ల పట్టే చోటు కూడా లేదు. అందుకని ఘాట్ సెక్షన్‌లో అసలు రైల్వే చేసే పనే చేశాను: రెండు ఇంజన్లు. ముందుదానిలోంచి మోటారు తీసేసి కెమెరాకి వదిలేశాను, వెనకది తోస్తుంది. డీజిల్ ఇంజన్‌కి పొడుగు ముక్కు, పొట్టి ముక్కు ఉంటాయి. కెమెరా పొట్టి ముక్కు వైపే పెట్టాను.

కరెంటు పట్టాల నుంచే తీసుకోవచ్చు. నా పట్టాల్లో డిజిటల్ కంట్రోల్ నడుస్తోంది కాబట్టి ప్లస్, మైనస్ క్షణక్షణం తారుమారవుతుంటాయి. డయోడ్ల వంతెనతో దాన్ని ఒకే దిశకు మలిచి, బక్ కన్వర్టర్‌తో ఐదు వోల్టులకు దించాలి. చక్రం కింద మసి పడితే చిత్రం టప్పున పోతుంది, అందుకని పెద్ద కెపాసిటర్ ఒకటి. అది లేని వారమంతా పాత సినిమా హాల్లో రీలు తెగినట్టే గడిచింది.

యాంటెనా సంగతి వేరే. 5.8 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు ఐదు సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు, సుమారు 13 మిల్లీమీటర్ల తీగ చాలు. కానీ ఇంజన్ అడుగు పోత లోహం. తీగను దానికి ఆనించి పడుకోబెడితే సిగ్నల్ అక్కడే చస్తుంది. డ్రైవర్ క్యాబ్ ప్లాస్టిక్ కప్పు కింద నిలువుగా నిలబెట్టాక ప్రాణం వచ్చింది. ఇంతలో ఇంకో దెబ్బ. డ్రోన్‌కి ఎగురుతూంటే గాలి తగులుతుంది, ఇంజన్ పెట్టెలో గాలేది? పావుగంటకి ట్రాన్స్‌మిటర్ కాలి, లోపలి ప్లాస్టిక్ దిమ్మె అప్పడంలా వంకరపోయింది. ఇప్పుడు దాని వీపున చిన్న అల్యూమినియం రేకు, పక్కన రేడియేటర్ జాలీ నిజంగానే జాలీ.

కటకాన్ని కంపెనీ దూరపు చూపుకి బిగించి జిగురు చుక్క పెడుతుంది. నా ప్రపంచంలో దూరం అంటే మూరెడు. బ్లేడుతో ఆ చుక్క గీకి, కటకాన్ని ఎడమకి వెంట్రుకవాసి తిప్పాను. మసకలోంచి ఒక్కసారిగా స్లీపర్లు, కంకర, ప్లాట్‌ఫాం మీద టీ తాగుతున్న మనిషి తేలారు.

వాళ్లతోపాటే నా పాపాలూ తేలాయి. కంకరకి జిగురు గడ్డలు. స్టేషనుకి వెనక గోడే లేదు. కొండ అంచున లోకం తెగిపోయి అవతల సీలింగ్ ఫ్యాను. మలుపు తిరిగిన ప్రతిసారీ నా పొట్ట, ఆకాశమంత చొక్కా. బల్ల చుట్టూ నీలి రంగు వేసిన అట్ట తిప్పి, ఇళ్ల వెనక గోడలు కట్టి, కొండను రెండోసారి చెయ్యడానికి మూడు నెలలు పట్టింది. దుమ్ము ఒక్కటే నా చేతిలో లేదు.

ఇంత తిప్పలూ ఎందుకంటే, మోకాళ్ల నొప్పులతో అమ్మ మేడెక్కడం మానేసి రెండేళ్లయింది. స్లాబు గుండా 5.8 దిగదు. రిసీవర్‌ని మెట్ల మలుపులో పెట్టి, పొడుగాటి ఏవీ వైరు కిందికి దించాను. మొదటి రైలు బయల్దేరదీసి, పైనుంచే అరిచాను, "కనబడుతోందా అమ్మా?"

జవాబు లేదు. సొరంగం, వంతెన, స్టేషను దాటి ఒక చుట్టు పూర్తయ్యాక కిందనుంచి గొంతు వినబడింది.

"ఒరేయ్, ఆ వంతెన కింద సాలెగూడు చూశావా? చీపురు పట్టుకెళ్లు."