నూనె లేని ఇంజను

బల్కంపేట నుండి అమీరుపేట కూడలి మీదుగా పంజగుట్టకు పోవు దారి మూడు కిలోమీటర్లకు అటునిటుగా ఉండును. ఉదయము తొమ్మిది గంటల వేళ ఆ దారిని కారులో దాటుటకు ఒక్కొక్క దినమున అరగంట పట్టును. మీటరుపై పడిన దూరము మూడు కిలోమీటర్లే గాని, ఇంజను మాత్రము అరగంటయు తిరుగుచునే యుండును. నిలచియున్న కారులో సైతము అది నిముషమునకు సుమారు 800 సారులు తిరుగును. అనగా ఆ అరగంటలో 24 వేల చుట్లకు తక్కువ కాదు. ఇన్ని చుట్లలో లోపలి లోహము లోహమును ఒరసికొనకుండ కాపాడునది అడుగున నిలచియున్న మూడు, నాలుగు లీటర్ల ఆయిలు. అది లేకుండ ఇంజను తిరిగినచో ఏమగునో ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

కందెన యను మాట మనకు క్రొత్తది కాదు. ఇరుసునకు కందెన పెట్టనిచో ఎడ్లబండి కీచుమని మొరపెట్టుట పల్లెల నెరిగిన వారందరును విన్నదే. అయితే బండి ఇరుసును చూచి కారు ఇంజనును ఊహించుకొనరాదు. ఇరుసునకు పూసిన కందెన ఒక పూతగా నిలచి రాపిడిని తగ్గించును. చక్రము మెల్లగా తిరుగును గనుక అంతమాత్రము చాలును. ఇంజనులోని ఆయిలు జారుడును కల్పించుటతో ఆగదు. అది బరువును మోయును. పిస్టనుల తోపునకు తిరుగు ఉక్కు ఇరుసును, అనగా క్రాంకు షాఫ్టును, బేరింగులకు తగులనీయక పైకెత్తి పట్టుకొనునది ఆయిలే.

ద్రవము ఉక్కును ఎత్తిపట్టుట యెట్లని అడుగవచ్చును. దీని గుట్టు మొదట బయటపడిన తీరు వినదగినది. 1883 ప్రాంతమున ఇంగ్లండులో బీచమ్ టవర్ అను ఇంజనీరు రైలుబండి ఇరుసుల బేరింగులను పరీక్షించుచుండెను. బేరింగు నడినెత్తిన ఆయిలు పోయుటకు ఒక రంధ్రము చేసెను. ఇరుసు తిరుగసాగినంతనే, లోనికి పోవలసిన ఆయిలు ఆ రంధ్రముగుండా పైకి ఉబికి వచ్చెను. బిరడా బిగించిరి, అది బయటికి నెట్టబడెను. కొయ్యమేకు కొట్టిరి, అదియు నిలువలేదు. ఒత్తిడిని కొలుచు సాధనమును అమర్చి చూడగా, పైనున్న బరువు వలన కలుగవలసిన సగటు ఒత్తిడికి రెండింతలకు మించిన ఒత్తిడి అచట కనబడెను. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతమును సమకూర్చెను. తిరుగు ఇరుసు తన అంచున అంటిన ఆయిలును తనతో లాగికొని పోయి, క్రమముగా ఇరుకగు సందులోనికి చొప్పించును. అచట ఇరుకున పడిన ఆయిలు ఇరుసును పైకెత్తును. ఇరుసు తన తిరుగుడుచేతనే తన పీఠమును తాను ఏర్పరచుకొనుచున్నదన్నమాట.

వానకాలమున బల్కంపేట రైలు వంతెన క్రింద నీరు నిలచుట ఈ ప్రాంతము వారికి తెలియనిది కాదు. నీరు పరచుకొన్న రోడ్డుపై వేగముగా పోవు కారు టైరు ఒక్కొక్కప్పుడు నేలను విడిచి నీటి పొరపై తేలి జారుట కూడ ఈ సూత్రము వలననే. ఇంజనులో ఈ పొర మందము మిల్లీమీటరులో వేయవ భాగము మొదలు కొన్ని వేయవ భాగముల వరకు మాత్రమే. మన తల వెండ్రుక దీనికంటె ఎన్నో రెట్లు లావు. ఇంత పలుచని పొరకు నిలుకడ కావలెనన్నచో క్రొత్త ఆయిలు ఎడతెగక వచ్చి చేరుచుండవలెను. అడుగున సంపు అను తొట్టిలోని ఆయిలును పంపు పీల్చి, వడపోతగుండా పంపి, ఇంజను గోడలలోని సన్నని దారులవెంట ప్రతి బేరింగునకు ఒత్తిడితో చేర్చును. మరి యొక పని కూడ దానిదే. పిస్టను అడుగు భాగమునకును బేరింగులకును రేడియేటరు నీరు చేరదు; అచటి వేడిని మోసికొని పోవునది ఆయిలే.

ఇప్పుడు ఆ ఆయిలు పోయినదనుకొందము. మొదటి క్షణములలో ఏమియు జరిగినట్లు తోచదు. అంటియున్న తడి కొంత కాపాడును. పిమ్మట ఇంజను పైభాగమున, వాల్వులను తెరచి మూయు చోట, టకటకమను సన్నని చప్పుడు మొదలగును. పంపునకు దూరముగా నుండుటచే అచటికే ఆయిలు ముందుగా కరవగును. టర్బో ఉన్న బండ్లలో దాని ఇరుసు నిముషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగును గనుక అది తొలి బలి కావచ్చును. క్రింద క్రాంకు బేరింగులలో పొర తెగి, ఉక్కు నేరుగా బేరింగు లోహముపై రాయును. ఆ లోహమును మెత్తనిదిగా చేయుట బుద్ధిపూర్వకముగనే. చెడినచో అది చెడి, ఖరీదైన క్రాంకు మిగులవలెనని. కాని రాపిడి వేడికి అది అరగి, కరగి, పూసికొనిపోవును. సందు పెరిగి, కనెక్టింగు రాడ్డు ప్రతి చుట్టునకును సుత్తితో మోదినట్లు ఠక్కుఠక్కుమని కొట్టసాగును. ఈ మ్రోత విన్న మెకానిక్కు ఇంకేమియు అడుగడు.

అదే సమయమున సిలిండరులో మరియొక విపత్తు సాగుచుండును. పిస్టను అల్యూమినియముది. ఆ లోహము వేడికి ఇనుముకంటె సుమారు రెండింతలు వ్యాకోచించును. చల్లబరచు ఆయిలు లేక పిస్టను ఉబ్బి, గోడను ఒరసి, గీతలు పెట్టి, తుదకు అందులోనే బిగిసికొనును. బేరింగు క్రాంకునకు అతుకుకొన్నను ఫలితమదే. దీనినే మనవారు ఇంజను పట్టేసినదందురు. వేగముగా పోవుచున్నపుడు పట్టుట ఇంకను ఘోరము: రాడ్డు విరిగి, ఇంజను గోడను పొడుచుకొని బయటికి వచ్చిన సందర్భములు లేకపోలేదు. ఇదంతయు జరుగుటకు ఎంతసేపు పట్టునను ప్రశ్నకు గడియారపు లెక్క లేదు. బరువు లేక నిలచి తిరుగు ఇంజను కొంత ఓర్చుకొనును. బరువుతో ఫ్లైఓవరు ఎక్కు ఇంజను అంత ఓర్చుకొనదు. ఏమైనను ఇది నిముషముల వ్యవహారమే గాని గంటలది కాదు.

కారు నడుపువారి ముందు ఆయిలు కూజా బొమ్మతో ఒక ఎర్ర దీపముండును. దానిని గురించిన అపోహయే పెక్కు ఇంజనులను పాడుచేయుచున్నదని మా అభిప్రాయము. పెట్రోలు తగ్గినదని చెప్పు దీపము వంటిదే ఇదియు ననుకొని, వచ్చు బంకు వరకు పోవచ్చునని తలతురు. అది ఆయిలు తగ్గుచున్నదని ముందుగా చేయు హెచ్చరిక కాదు. ఆయిలు ఒత్తిడి ఇప్పటికే పడిపోయినదను వార్త. వేడిని చూపు ముల్లు నిలకడగా ఉన్నదిగదా యని ధైర్యము తెచ్చుకొనుటయు తగదు. ఆ ముల్లు కొలుచునది రేడియేటరు నీటి వేడిని. బేరింగులో లోహము కరగుచున్నను దానికి తెలియకపోవచ్చును.

ముల్లును నమ్మకపోవుట వలని అపాయమునకు ఆకాశమున నొక నిదర్శనము కలదు. 2008 మార్చిలో శంషాబాదునకు తరలిపోవువరకు బేగంపేటలో దిగు విమానముల రొద ఈ పేటలకు నిత్యమైనదే గనుక, విమానపు మాట చెప్పుట అసందర్భము కాబోదు. 1983 మే 5న అమెరికాలోని మయామి నుండి నసావు పోవుచున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానమున మొదట నడిమి ఇంజనులో ఆయిలు ఒత్తిడి పడిపోయెను. దానిని ఆపి వెనుకకు మరలిరి. ఇంతలో మిగిలిన రెండింటి ముండ్లును సున్నకు దిగినవి. మూడు ఇంజనులకు ఒక్కమారే ఆయిలు పోవునా, సాధనమే చెడియుండునని సిబ్బంది తలచిరి. కొంతసేపటికి ఆ రెండును ఆగిపోయినవి. సముద్రముపై దిగుచు దిగుచు, ముందుగా ఆపి ఉంచిన నడిమి ఇంజనును మరల రగిలించి, దానితో మయామి చేరిరి. 172 మందియు క్షేమముగా దిగిరి. పరీక్ష కొరకు విప్పిన భాగములను మరల బిగించునపుడు చిన్న రబ్బరు వలయములను వేయక మరచుటయే కారణము. వేళకు ఆపిన ఇంజనే వారిని కాపాడెనను సంగతిని మా శ్రోతలు గమనింతురుగాక.

కావున ఎర్ర దీపము వెలిగినచో బండిని ప్రక్కకు తీసి వెంటనే ఇంజను ఆపవలెను. కొన్ని నిముషములు ఆగి, సమతలమున, కొలతపుల్లను తీసి తుడిచి, మరల ముంచి చూడవలెను. మట్టము తగ్గియుండి, క్రింద ధారగా కారుట లేనిచో, తగిన ఆయిలు పోసి చూడవచ్చును. పోసిన పిదపను దీపము ఆరనిచో ఇంజనును తిప్పరాదు. బండిని లాగించుకొని పోవలెను. భయముచే పైగీత దాటునట్లు పోయుటయు మంచిది కాదు. క్రాంకు దానిని చిలికి నురుగు చేయును, నురుగు బరువు మోయదు. మలుపులో మాత్రమే దీపము మినుకుమన్నచో, మట్టము తగ్గి ఆయిలు ఒక ప్రక్కకు ఒరిగినపుడు పంపు గాలిని పీల్చుచున్నదని అనుమానింపవలెను.

ఆయిలు పోవు దారులు మన వీధులలోనే కలవు. ఎత్తైన స్పీడు బ్రేకరు సంపు అడుగును తాకి పగులగొట్టును. ఆయిలు మార్చిన పిమ్మట అడుగు బోల్టు సరిగా బిగియకున్నను, పాత ఫిల్టరు రబ్బరు తీయకయే క్రొత్తది బిగించినను, మరుదినమే నేలపై మరక కనబడును. అరిగిన ఇంజను ఆయిలును కాల్చి నీలిపొగ విడుచును. వంతెన క్రింది నీటిలో మునిగిన బండిలో ఆయిలు ఉండును గాని, నీరు కలిసి పాలు కలిపిన తేనీటి రంగునకు తిరుగును. అట్టి బండిని తాళము త్రిప్పి చూచుట కూడ ప్రమాదమే. ఇక ట్రాఫికులో నిలచిన గంటలు కిలోమీటర్ల లెక్కలోనికి రావు గనుక, ఇన్ని వేల కిలోమీటర్లకు ఆయిలు మార్పించుడని పుస్తకమున ఉన్నను, నెలల గడువును కూడ చూచి, ఏది ముందు వచ్చునో దానిని పాటింపవలెను. స్కూటరు, మోటారు సైకిళ్లలో లీటరునకు అటునిటుగా మాత్రమే ఆయిలు పట్టును. పావు లీటరు తగ్గినను అచట పెద్ద లోటే. పాత రెండు స్ట్రోకుల స్కూటరులలో ఆయిలును పెట్రోలులోనే కలుపుచుండిరి; కలుప మరచినవాని బండి ఎచటనో నడివీధిలో పట్టుట ఆ కాలపు గృహస్థులకు జ్ఞాపకముండును.

పట్టిన ఇంజను తిరిగి బాగగునా? గీతలు పడిన క్రాంకును సానబట్టించి, పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో సన్నజేసి, దానికి తగిన బేరింగులు వేయుదురు. సిలిండరును తొలిచి లావు పిస్టనులు దింపుదురు. ఇంజను బోరుకు వచ్చినదని మెకానిక్కులనెడి మాట ఈ పనిని గూర్చినదే. అద్దె టాక్సీని అప్పుపై కొని నడుపుకొను వానికి ఇది పనిలేని దినములతో కూడిన ఖర్చు. ఒకే బండిని పగలొకరు, రేయొకరు నడుపుచోట కొలతపుల్లను ఎవరు చూడవలెనో ముందుగా నిర్ణయించుకొనుట మేలు. ఇద్దరిలో ఎవరికి వారు రెండవవాడు చూచెనను నమ్మకమున ఉండుటయే తరచుగా జరుగుచున్నది.